అమ్మకి టామోక్సిఫెన్, ట్రైగ్లిజరైడ్స్ 412 వచ్చింది. ఒమేగా 3, సీఎల్ఏ క్యాప్సూల్స్ వెయ్యొచ్చా?

గుణుపూర్_అమ్మాయి:

అందరికీ నమస్కారం అండి. మాది రాయగడ జిల్లా గుణుపూర్. ఇంట్లో తెలుగే గానీ నేను చదివింది ఒడియా మీడియం, రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా అమ్మకి 51 ఏళ్ళు. కిందటేడు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది, విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి. గడ్డ మళ్ళీ రాకుండా ఐదు నెలల బట్టీ టామోక్సిఫెన్ 20 మాత్ర వేసుకుంటోంది, ఐదేళ్ళు మానకూడదన్నారు. జబ్బు సంగతి ఇప్పటికి పరవాలేదన్నారు, మజ్జిగౌరమ్మకి మొక్కు కూడా తీర్చుకొచ్చాం.

ఇప్పుడు బెంగ వేరే. కీమో మొదలెట్టినప్పుడు అమ్మ 58 కేజీలు, ఇప్పుడు 67. ఒళ్ళంతా కాదు, పొట్టే పెరిగింది. మొన్న పరీక్షలు చేయిస్తే ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలో కొవ్వు 412, మూడు నెలల షుగరు 6.2, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం 96 ఏ, స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని రాశారు. మా వంశంలో ఎవరికీ షుగరు లేదు.

మా వీధిలో ఒక పిన్ని సప్లిమెంట్లు అమ్ముతారు, మంచావిడే, అమ్మ పడుకున్నన్నాళ్ళూ కూర వండి పంపించేవారు. ఆవిడ ఒమేగా 3 డబ్బా ఒకటి, సీఎల్ఏ అని ఇంకో డబ్బా తెచ్చారు, రెండూ కలిపి నెలకి 3,600. ఇవి వాడితే కొవ్వు కరుగుతుంది షుగరు దిగుతుంది గడ్డ మళ్ళీ రాదు అని చెప్తున్నారు, అమ్మ నమ్మేసింది, నాన్న కొనేద్దాం అంటున్నారు. డబ్బుకి వెనకాడం గానీ టామోక్సిఫెన్‌తో పడుతుందో లేదో తెలీకుండా ఎలా వేస్తాం. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకా ఆరు వారాలుంది.

ఇంకోటి నా గురించి. నాకు 27. నెలసరికి వారం ముందు నుంచీ రెండు వైపులా బరువుగా, ముట్టుకుంటే నొప్పి. స్కాన్‌లో చిన్న ఫైబ్రోఅడినోమా ఉందన్నారు, అంటే క్యాన్సర్ కాని గడ్డ, భయం లేదన్నారు, ఈవెనింగ్ ప్రింరోజ్ ఆయిల్ క్యాప్సూల్స్ మూడు నెలలకి రాశారు. అదీ నూనే, ఇదీ నూనే, ఏది దేనికో నాకు అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి_అత్త:

తల్లీ, నీ పోస్టు చదివితే నా సంగతే రాసినట్టు ఉన్నాది. నాకు 2019లో ఆపరేషన్ అయింది, నాది ముట్లు ఆగిపోయిన వయసు కాబట్టి టామోక్సిఫెన్ కాదు, లెట్రోజోల్ ఇచ్చారు. అది మొదలెట్టిన రెండో నెల నుంచి పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, మోకాళ్ళు పట్టేసేవి, పీట మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఎవరో చెప్పారని చేపనూనె క్యాప్సూల్స్ ఎనిమిది నెలలు మింగాను. నిజం చెప్తాను, తగ్గింది. నేను క్యాప్సూల్ వల్లే అనుకున్నాను, నలుగురికీ చెప్పాను కూడా. తరవాత మా డాక్టరుగారు విప్పి చెప్పారు, ఆ మాట నాకంటే చదువుకున్నవాళ్ళెవరైనా ఇక్కడ చెప్తే బాగుంటుంది.

నేను చెప్పాలనుకున్నది తిండి గురించి. కీమో అప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బలం రావాలి బలం రావాలి అని ఏదో ఒకటి తాగించేవారు. పొద్దున్న బెల్లం వేసిన చోడి (రాగి) జావ, పదింటికి డబ్బా పొడి కలిపిన పాలు, పన్నెండింటికి దానిమ్మ రసం, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం సగ్గుబియ్యం పాయసం, రాత్రి మళ్ళీ అన్నం. కాదంటే బాధపడతారని తాగేదాన్ని. నోటికి రుచి లేనప్పుడు తియ్యగా ఉన్నదే దిగేది కూడా. కీమో రోజు ముందు ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర వల్ల ఆకలి వేరు, షుగరు వేరు. మంచం మీదే ఉండడం. ఆరు నెలలకి 11 కేజీలు పెరిగాను. కీమో ఆగింది గానీ ఆ జావలు, ఆ పాలు ఆగలేదు, ఇంట్లో అలవాటైపోయాయి. మీ ఇంట్లో ఇప్పటికీ ఏమేమి తాగిస్తున్నారో ఒక రోజు కాగితం మీద రాసి చూడు తల్లీ. మీ అమ్మనేమీ అనొద్దు, ఆవిడ తప్పు కాదు, ప్రేమతో పెట్టినదే అదంతా.

మందులషాపు_రాయగడ:

మెడికల్ షాపులో 14 ఏళ్ళుగా ఉన్నాను, రోజూ ఈ డబ్బాలు అమ్మేవాడినే, కాబట్టి లెక్క చెప్తాను.

ముందు ఒక ప్రశ్న. ఆ 412 పరగడుపున ఇచ్చిన రక్తమేనా? 12 గంటలు ఏమీ తినకుండా? మన దగ్గర చాలామంది దారిలో టీ తాగేసి, ఇడ్లీ తినేసి వెళ్ళి ఇచ్చేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ తిన్న గంటల్లోనే పైకి పోతాయి, మిగతా కొలెస్ట్రాల్ అంత కదలదు. 150 లోపు ఉండాలన్న లెక్క పరగడుపుదే. అలాగే థైరాయిడ్ చేయించారా? థైరాయిడ్ తక్కువుంటే బరువూ పెరుగుతుంది, ట్రైగ్లిజరైడ్స్ కూడా పెరుగుతాయి.

ఇక క్యాప్సూల్. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలతో 1000 అని ఉంటుంది. అది నూనె మొత్తం బరువు. వెనక్కి తిప్పి చూడండి, ఈపీఏ ఎంత, డీహెచ్ఏ ఎంత అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, మామూలు వాటిలో 180, 120, అంటే రెండూ కలిపి 300 మిల్లీగ్రాములు. పనిచేసే ఒమేగా 3 కొవ్వులు ఆ రెండే. ట్రైగ్లిజరైడ్స్ తగ్గడానికి డాక్టర్లు వాడే డోసు రోజుకి 2 నుంచి 4 గ్రాములు, ఆ రెండూ కలిపి. 3 గ్రాములు కావాలంటే మామూలు డబ్బా క్యాప్సూల్స్ రోజుకి పది మింగాలి. పిన్నిగారు రోజుకి ఒకటో రెండో వెయ్యమని ఉంటారు. దాంతో ఆ అంకె కదలదు, డబ్బు మాత్రం పోతుంది. ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చే గాఢమైనవి వేరే ఉంటాయి, వాటిలో ఒక్కో క్యాప్సూల్‌లో 840 వరకు ఉంటుంది, అవి 500 దాటినవాళ్ళకి రాస్తారు, ఎందుకంటే ఆ పైన ఇంకా పెరుగుతూ పోతే క్లోమం వాచే భయం ఉంటుంది. అంత డోసు వేస్తే ఊరికే పోదు, గుండె దడ, లయ తప్పడం కొంచెం ఎక్కువగా కనబడింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళూ, ఆపరేషన్ ఉన్నవాళ్ళూ ముందే డాక్టరుకి చెప్పాలి.

పార్వతీపురం_అల్లుడు:

డబ్బులు పెట్టి క్యాప్సూల్స్ ఎందుకండి, అలసి పొడి రోజూ మూడు చెంచాలు గోరువెచ్చని నీళ్ళలో తాగించండి, ఫుల్ ఒమేగా 3. హిందీ వీడియోలో డాక్టరే చెప్పారు, మా అత్తగారు కోరాపుట్‌లో ఉంటారు, సంతలో కేజీ కొనుక్కుని తాగుతున్నారు.

జయపురం_డైటీషియన్:

పైన అన్నయ్యగారి పోస్టు చూసి ఆగలేక రాస్తున్నాను. హిందీలో అలసి అంటే అవిసె గింజలు. మన కోరాపుట్ సంతలో ఒడియాలో అలసి అని అమ్మేది అవిసె గింజలు కాదండి, వలిసెలు! అరకు వైపు పసుపు పూల తోటల్లో అందరూ ఫోటోలు దిగుతారే, అవే గింజలు, సన్నగా నల్లగా ఉంటాయి. అవిసె గింజ చదునుగా, గోధుమ రంగులో, మెరుస్తూ ఉంటుంది. వలిసె నూనె మంచిదే, మన కొండల్లో తరతరాలుగా తింటున్నారు, గానీ అందులో ఎక్కువ ఉండేది లినోలిక్ ఆమ్లం, అంటే ఒమేగా 6. అవిసె నూనెలో సగం పైన ఏఎల్ఏ అనే ఒమేగా 3. పేరు ఒకటే, గింజ వేరు. మీ అత్తగారు తాగుతున్నది ఏదో ఒకసారి చూడండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇప్పటికి నలుగురైదుగురు ఇలాగే వలిసెలు పొడి కొట్టుకుని తాగుతూ కనబడ్డారు.

అసలు అవిసె గింజలే తిన్నా, అందులోని ఏఎల్ఏ మన ఒంట్లో ఈపీఏగా మారేది చాలా కొంచెం, డీహెచ్ఏగా మారేది ఇంకా తక్కువ. కాబట్టి అవిసె పొడితో 412 దిగుతుందని ఆశపెట్టుకోకండి. పీచు ఉంటుంది, ఆ మేరకు మంచిది. గింజలు అలాగే మింగితే అలాగే బయటికి పోతాయి, దోరగా వేయించి పొడి కొట్టాలి. రొమ్ము క్యాన్సర్ మీద కెనడాలో ఒక చిన్న ప్రయోగం జరిగింది, 2005లో ప్రచురించారు, ఆపరేషన్ కోసం ఆగిన ఆడవాళ్ళకి రోజూ 25 గ్రాముల అవిసెతో మఫిన్ చేసి పెడితే గడ్డలో కణాలు పెరిగే వేగం తగ్గినట్టు కనబడింది. మొత్తం 32 మందే. ఆశ కలిగించేదే గానీ దాన్ని పట్టుకుని మందులు మానేసే స్థాయిది కాదు. రోజుకి ఒక చెంచా రెండు చెంచాలు చట్నీలో, పప్పులో కలుపుకోండి, చాలు.

ఇప్పుడు టామోక్సిఫెన్. అమ్మగారి రిపోర్టులో ఎల్‌డీఎల్ 96, ట్రైగ్లిజరైడ్స్ 412, ఈ రెండూ పక్కపక్కన చూస్తే టామోక్సిఫెన్ గుర్తు కనబడుతోంది. ఆ మందు రొమ్ములో ఈస్ట్రోజెన్‌ని అడ్డుకుంటుంది, లివర్‌లో మాత్రం ఈస్ట్రోజెన్ లాగే పనిచేస్తుంది. అందుకే ఎల్‌డీఎల్ తగ్గుతుంది, ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, కొందరికి లివర్‌లో కొవ్వు పడుతుంది. అందరికీ ఇంత పెరగదు, ముందే బరువు, షుగరు అంచున ఉన్నవాళ్ళకి పెరుగుతుంది. దయచేసి ఇది చదివి టామోక్సిఫెన్ మాత్రం ఆపకండి. గడ్డ మళ్ళీ రాకుండా కాపాడుతున్నది ఆ మాత్రే, పిన్నిగారి డబ్బా కాదు. ఆరు వారాలు ఆగొద్దు, పరగడుపు రిపోర్టు తీసుకుని ఈలోపే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఇప్పటికిప్పుడు ప్రమాదం అని కాదు, వాళ్ళకి తెలిసి ఉండాలి.

చేపనూనె వేసుకుంటే క్యాన్సర్ రాకుండా ఉంటుంది అన్న మాటకి పెద్ద పరీక్షే జరిగింది. అమెరికాలో 25,871 మంది మీద, రోజుకి 1 గ్రాము చొప్పున ఐదేళ్ళ పైన ఇచ్చి చూశారు, 2018లో ఫలితం వచ్చింది. క్యాన్సర్లు తగ్గలేదు. షుగరు సంగతి కూడా అంతే, 83 ప్రయోగాలు కలిపి 2019లో చూస్తే షుగరు వ్యాధి మీద ఏ ప్రభావమూ తేలలేదు. మరి దేనికి పనికొస్తుంది అంటే ట్రైగ్లిజరైడ్స్‌కే, అదీ పైన రాయగడ అన్నయ్యగారు చెప్పిన డోసులోనే.

పర్లాకిమిడి అత్తగారి కీళ్ళనొప్పుల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. లెట్రోజోల్ లాంటి మందులతో నొప్పులున్న 249 మంది ఆడవాళ్ళకి 24 వారాలు, సగం మందికి 3.3 గ్రాముల ఒమేగా 3, మిగతా సగం మందికి సోయా, మొక్కజొన్న నూనె నింపిన ఉత్తుత్తి క్యాప్సూల్స్ ఇచ్చారు, 2015లో అచ్చయింది. రెండు గుంపుల్లోనూ నొప్పి సగానికి సగం తగ్గింది! తేడా లేదు. మీ డాక్టరుగారు విప్పి చెప్పింది ఇదే అనుకుంటాను అత్తా. మీకు తగ్గడం అబద్ధం కాదు, ఆ ఆడవాళ్ళందరికీ కూడా నిజంగానే తగ్గింది. తరవాత ఊబకాయం ఉన్నవాళ్ళని విడిగా చూస్తే వాళ్ళకి కొంత మేలు కనబడింది. ఆ ప్రయోగంలోనే ఒమేగా 3 వేసుకున్నవాళ్ళ ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి, ఉత్తుత్తి క్యాప్సూల్ వాళ్ళవి తగ్గలేదు. అంటే గుణుపూర్ చెల్లీ, మీ పిన్నిగారు చెప్పిన మూడు మాటల్లో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు దగ్గర ఒక్కచోటే నిజం ఉంది.

సీఎల్ఏ, అంటే కంజుగేటెడ్ లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం, అది మాత్రం వద్దని గట్టిగా చెప్తాను. పొట్ట తగ్గుతుందని అమ్ముతారు. స్వీడన్‌లో పొట్ట ఉన్న మగవాళ్ళ మీద 2002లో చూస్తే సీఎల్ఏలో ఒక రకం ఇన్సులిన్ పనిచెయ్యడాన్నే పాడుచేసింది. అమ్మగారికి షుగరు 6.2 దగ్గర, అంటే అంచున ఉంది. లివర్ కూడా బాగాలేదు. ఇలాంటి మనిషికి దాన్ని ఎందుకు వెయ్యాలి?

ఇంకొక ముఖ్యమైనది, మీ అమ్మగారికి కీమో అయిపోయింది కాబట్టి మీకు కాదు, ఇది చదివే మిగతావాళ్ళకి. కీమో నడుస్తున్నప్పుడు సొంతంగా చేపనూనె వెయ్యకండి. నెదర్లాండ్స్‌లో చూశారు, చేపనూనెలో ఉండే ఒక రకం కొవ్వు ఆమ్లం ఎలుకల్లో కీమో పనిని దెబ్బతీసింది, 2015లో మనుషులకి చేపనూనె ఇస్తే అదే ఆమ్లం రక్తంలో పెరిగింది. అందుకే కీమోకి ముందు రోజు నుంచి తరవాత రోజు వరకు వద్దని అక్కడ సలహా ఇచ్చారు.

చేప తినొచ్చా అని తరవాత అడుగుతారు కదా, తినండి. కవళ్ళు, కానాగంతలు చవగ్గా దొరుకుతాయి, వాటిలోనే ఒమేగా 3 ఎక్కువ. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, వేపుడు కాదు. ఎండుచేపలు వద్దు, ఉప్పు ఎక్కువ.

మీ నొప్పి గురించి చెల్లీ. ప్రింరోజ్ నూనెలో ఉండేది జీఎల్ఏ, అది ఒమేగా 6 జాతి, మీ అమ్మగారి చేపనూనెతో సంబంధం లేదు. మన దగ్గర చాలామంది డాక్టర్లు రాస్తారు, పెద్దగా హాని లేదు. గానీ బ్రిటన్‌లో రొమ్ము నొప్పికి ఆ మందుకున్న లైసెన్స్ 2002లోనే తీసేశారు, పనిచేస్తుందని రుజువు చాలక. ఫైబ్రోఅడినోమాని అది కరిగించదు. సరిగ్గా పట్టి ఉండే బ్రా, నొప్పి ఉన్న రోజుల్లో డైక్లోఫెనాక్ జెల్, ఇవి ఎక్కువ సాయం చేస్తాయి, జెల్ మాత్రం డాక్టరమ్మని అడిగే రాసుకోండి. నెలసరితో పాటు వచ్చి పోయే నొప్పి, అదీ రెండు వైపులా, క్యాన్సర్ లక్షణం కాదు. అయినా అమ్మకి 50 దగ్గర వచ్చింది కాబట్టి మీ పరీక్షలు ఎప్పటినుంచి, ఎన్నాళ్ళకోసారి అన్నది పెద్ద డాక్టరునే అడగండి, మర్చిపోవద్దు.

పార్వతీపురం_అల్లుడు:

అక్కా చాలా థాంక్స్. ఇప్పుడే ఫోన్ చేసి వీడియో కాల్‌లో చూపించమన్నాను, నల్లగా సన్నగా ఉన్నాయి, వలిసెలే. ఏడాది నుంచి తాగుతున్నారు. నేనే చెప్పాను ఆవిడకి తాగమని. రేపే వెళ్తాను.

గుణుపూర్_అమ్మాయి:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. పది రోజులు ఆగి రాస్తున్నాను.

రాయగడ అన్నయ్యా, మీరన్నదే నిజం. ఆ రోజు పొద్దున్న బయల్దేరేముందు అమ్మ రెండు గ్లాసుల టీ తాగింది, ల్యాబ్ దగ్గర లైన్ ఎక్కువుందని నాన్న పూరీ కూడా తినిపించారు. మళ్ళీ పరగడుపున చేయిస్తే 287 వచ్చింది. ఎక్కువే, గానీ 412 కాదు. థైరాయిడ్ బాగానే ఉంది. డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడాను, టామోక్సిఫెన్ ఆపొద్దు, ఇప్పుడే ఏ క్యాప్సూలూ వద్దు, ఎనిమిది వారాలు తిండి, నడక చూసి మళ్ళీ పరీక్ష చేద్దాం, అప్పటికీ దిగకపోతే మందు తనే రాస్తానన్నారు.

పర్లాకిమిడి అత్తా, మీరు చెప్పినట్టు కాగితం మీద రాశాను. పొద్దున్నుంచి రాత్రి దాకా అమ్మ లోపలికి 14 చెంచాల పంచదార, బెల్లం పోతున్నాయి, టీలోవి, జావలోవి, పాలలోవి కలిపి. రాసింది నాన్నకి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. జావ రోజూ ఆయనే కాచి ఇస్తారు, కీమో అప్పటి నుంచి. ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆయనే చోడి అంబలి మజ్జిగ పోసి, ఉప్పు, ఉల్లిపాయ వేసి ఇస్తున్నారు, అమ్మ మొదటి రెండు రోజులు మొహం తిప్పుకుంది, ఇప్పుడు తాగుతోంది.

పిన్నికి ఏం చెప్పాలో తెలీక వారం తప్పించుకు తిరిగాను. చివరికి డబ్బాలు వెనక్కిచ్చి, డాక్టరు వద్దన్నారు పిన్నీ అన్నాను. ఏమీ అనలేదు. రెండు రోజుల తరవాత ఆవిడే వచ్చి తనకీ ట్రైగ్లిజరైడ్స్ ఉన్నాయి, ఆ పరగడుపు పరీక్ష ఎక్కడ చేయించారు అని అడిగారు.

అత్తా ఒక్క సందేహం. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాపు వస్తుందని అమ్మ నడవడానికి భయపడుతోంది. సాయంత్రం వంశధార గట్టు దాకా తీసుకెళ్దామంటే కాలు బయట పెట్టట్లేదు. మీరెలా మొదలెట్టారు?

పర్లాకిమిడి_అత్త:

నడిస్తే చెయ్యి వాయదు తల్లీ, నాకూ అదే భయం ఉండేది, డాక్టరుగారే పోగొట్టారు. ఆ చేత్తో ఒక్కసారే బరువులు ఎత్తకుండా చూసుకోవాలి, బీపీ, ఇంజెక్షను రెండో చేతికి చేయించుకోవాలి, నడక ఎంతైనా నడవొచ్చు. నేను మొదట మా వాకిలి నుంచి వీధి చివర కిరాణా కొట్టు దాకా, అంతే. వారానికి మహేంద్రతనయ వంతెన దాకా వెళ్ళాను. అమ్మకి జుట్టు ఇంకా పూర్తిగా రాలేదేమో, నలుగురూ చూస్తారని సిగ్గు ఉంటుంది, అది పైకి చెప్పదు, చెయ్యి వంక పెడుతుంది. చీకటి పడ్డాక తీసుకెళ్ళు, కొంగు కప్పుకుంటుంది, మీ నాన్నని కూడా రమ్మను. ఈ ఆదివారం నేను గుణుపూర్ ప్యాసింజరుకి మా చెల్లెలింటికి వస్తన్నాను, ఇష్టమైతే చెప్పు, సాయంత్రం మీ ఇంటికొచ్చి అమ్మని నేనే తీసుకెళ్తాను.